రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకున్న రీఫైనాన్స్: ఇప్పుడేం చేయొచ్చు?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. 2021లో వడ్డీరేట్లు బాగా తగ్గినప్పుడు మా ఇంటి లోన్‌ను 2.875 శాతానికి మార్చుకున్నాం (రీఫైనాన్స్). అసలు, వడ్డీ కలిపి నెలకు 1,411 డాలర్లు కట్టేవాళ్ళం. 2024లో మావారి ఉద్యోగం పోయింది. చూస్తుండగానే క్రెడిట్ కార్డుల మీద 55,000 డాలర్ల అప్పు పేరుకుపోయింది. లోన్లు ఇప్పించే ఒకాయన మనవాళ్ళ ఫంక్షన్లలో తరచూ కలుస్తుంటారు. ‘కార్డులన్నీ ఇంటి లోన్‌లో కలిపేద్దాం, 6.75కి ఇప్పిస్తా, నెలనెలా తలనొప్పి ఉండదు’ అన్నారు. 2025 ఫిబ్రవరిలో ఒక గురువారం రాత్రి తొమ్మిదింటికి నోటరీ మా ఇంటికే వచ్చారు. పిల్లల హోంవర్క్ పుస్తకాలు పక్కకు జరిపి డైనింగ్ టేబుల్ మీదే సంతకాలు పెట్టాం. రేటు 8.75 అని అప్పుడే చూశాం. బ్రోకర్‌కు ఫోన్ చేస్తే ‘మార్కెట్ మారింది, ఆర్నెల్లలో మళ్ళీ రీఫైనాన్స్ చేసి తగ్గిస్తాను, సంతకం పెట్టేయండి’ అన్నారు. ఇప్పుడు లోన్ 3,90,000. నెలకు 3,068 కట్టాలి, ట్యాక్స్, ఇన్సూరెన్స్ దీనికి అదనం. అప్లికేషన్‌లో మావారికి నెలకు 9,000 డాలర్ల కన్సల్టింగ్ ఆదాయం ఉందని రాసి ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలియదు. చదవకుండా సంతకం పెట్టాం. ఏడాది దాటిపోయింది, ఈ లోన్ ఇంకా రద్దవుతుందా? కేసు వేస్తే గ్రీన్‌కార్డ్‌కు ఇబ్బందా? మేమింకా హెచ్-1బీ మీదే ఉన్నాం. వాయిదాలు ఆపేస్తే అప్పిచ్చిన లెండరే దిగొస్తాడని ఒక స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా? ఆ బ్రోకర్ మళ్ళీ ఫోన్లు చేస్తున్నారు. మనవాళ్ళే కదా, ఫిర్యాదు చేస్తే రేపు ఫంక్షన్లలో ముఖం ఎలా చూపిస్తాం? కాగితాలు జతచేశాం. (పేరు వద్దన్నారు)

సమాధానం: ఉత్తరం నిండా మీరు వడ్డీరేటు గురించే బాధపడ్డారు. నోటరీ ఇంటికి రావడాన్ని మాత్రం ఏదో సౌకర్యంలా, మాటల్లో మాటగా చెప్పేశారు. కేసు దృష్టితో చూస్తే రేటు కంటే ఆ డైనింగ్ టేబులే ముఖ్యం.

ముందు రేటు సంగతి చూద్దాం. 8.75 మీకు అన్యాయంగానే కనిపిస్తుంది, నాకూ అలాగే ఉంది. కానీ రేటు ఎక్కువైనంత మాత్రాన అమెరికా చట్టం లోన్‌ను రద్దు చేయదు. ఇంటి లోన్లలో దోపిడీని ఆపడానికి 1994లో హోయెపా అనే ఫెడరల్ చట్టం వచ్చింది. అది వర్తించాలంటే మొదటి లోన్ మీద ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపి లెక్కేసిన ఏడాది వడ్డీరేటు) మార్కెట్ సగటు కంటే 6.5 శాతానికి పైగా ఎక్కువ ఉండాలి, లేదా పాయింట్లు (లోన్‌లో ఇంత శాతం అని ముందే తీసుకునే రుసుము), ఫీజులు లోన్‌లో 5 శాతం దాటాలి. మీ లోన్ రెండు గీతలకూ ఇవతలే ఉంది. అలాంటి లోన్లు తయారుచేసేవాళ్ళకు ఆ గీతలు ఎక్కడున్నాయో మనకంటే బాగా తెలుసు.

ఈ లోన్ మీకు ఎంత పడిందో ఒకసారి లెక్క చూసుకోండి. లాయర్ దగ్గర ఇది పనికొస్తుంది. పాత లోన్ దాదాపు 3,10,000 మీద 2.875 శాతం అంటే ఏడాదికి వడ్డీ సుమారు 8,900 డాలర్లు. కొత్త 3,90,000 మీద 8.75 శాతం అంటే సుమారు 34,100. మొదటి ఏడాదే వడ్డీ 25,000 పైచిలుకు పెరిగింది. మీ 55,000 కార్డు అప్పు మీద 24 శాతం చొప్పున వేసుకున్నా ఏడాదికి వడ్డీ 13,200 దాటదు. అంటే ‘ఎక్కువ వడ్డీ కార్డులు తీర్చేద్దాం’ అన్న పేరుతో, ఆ కార్డుల కంటే ఎక్కువ భారాన్ని ఇంటి మీదికి ఎక్కించారు. పైగా కార్డు బాకీ కట్టకపోతే కలెక్షన్ వాళ్ళు ఫోన్లు చేస్తారు, మహా అయితే కోర్టుకెళ్తారు. ఇది కట్టకపోతే ఇల్లు పోతుంది. 2.875 లోన్‌ను ముట్టుకోకుండా పక్కన చిన్న రెండో లోన్ ఇప్పించే దారి ఉండగా అది మీకు చెప్పారా అన్నది లాయర్ తప్పక అడుగుతారు.

ఇక టెక్సస్ సంగతి. ఈ రాష్ట్రం సొంత ఇంటిని మొదటి నుంచీ ప్రత్యేకంగా కాపాడుతూ వచ్చింది. ఇల్లు చూపించి చేతి ఖర్చులకు అప్పు తీసుకోవడాన్ని 1997 దాకా అనుమతించనే లేదు. ఆ ఏడాది ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నాక 1998 జనవరి నుంచి మొదలైంది, అదీ బోలెడన్ని షరతులతో. ఆ షరతులు మామూలు చట్టంలో కాదు, రాష్ట్ర రాజ్యాంగంలోనే, 16వ అధికరణం 50వ సెక్షన్‌లో ఉన్నాయి. ఉన్న లోన్‌ను మార్చి పైన డబ్బు తీసుకున్నా, దాంతో కార్డులు తీర్చినా అది హోమ్ ఈక్విటీ లోన్ (సొంత ఇంటి విలువ మీద తీసుకునే అప్పు) కిందికే వస్తుంది. మీది అదే.

అందులో ఒక షరతు: ఈ లోన్ క్లోజింగ్ (చివరి సంతకాలు పెట్టడం) లెండర్ ఆఫీసులో గానీ, లాయర్ ఆఫీసులో గానీ, టైటిల్ కంపెనీ (ఇంటి హక్కు పత్రాలు చూసే సంస్థ) ఆఫీసులో గానీ మాత్రమే జరగాలి. ఇంట్లో కుదరదు, కాఫీ షాపులో కుదరదు. రాత్రి పూట, పిల్లల మధ్య, లెండర్ మనిషి పక్కన కూర్చుని ‘ఇక్కడ, ఇక్కడ’ అని వేలు చూపిస్తుంటే మనిషి చదవడు. ఆ ఒత్తిడి ఉండకూడదనే ఈ నిబంధన. మిగతా రాష్ట్రాల్లో నోటరీ ఇంటికి రావడం మామూలే. అందుకే ఇక్కడ కూడా చాలామందికి అనుమానం రాదు.

ఇప్పుడు మీ ఫైల్ తీయండి. అందులో ‘టెక్సస్ హోమ్ ఈక్విటీ అఫిడవిట్ అండ్ అగ్రిమెంట్’ అనే కాగితం ఉండే అవకాశం ఎక్కువ. చట్టం చెప్పిన ఆఫీసులోనే సంతకం చేశామని ఒప్పుకునే వాక్యం అందులో ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఆ వాక్యం కిందే మీరు సంతకం పెట్టి ఉంటారు. లెండర్ మొదట చూపించేది అదే, కంగారుపడకండి. దాన్ని ఎదుర్కొనే సాక్ష్యం కూడా చాలాసార్లు ఆ ఫైల్‌లోనే దొరుకుతుంది. నోటరీ ముద్ర ఉన్న ప్రతి పేజీలో పైన ‘స్టేట్ ఆఫ్ టెక్సస్, కౌంటీ ఆఫ్’ అని ఉండి పక్కన కౌంటీ పేరు ఉంటుంది. టైటిల్ కంపెనీ ఆఫీసు డల్లస్ కౌంటీలో ఉండి, అక్కడ మాత్రం మీ ఇల్లున్న కాలిన్ పేరో డెంటన్ పేరో ఉంటే, ఆ ఒక్క మాట చాలా చెబుతుంది. క్లోజింగ్ డిస్‌క్లోజర్ (లోన్ చివరి వివరాలు, ఖర్చులు ఉండే ఫారం) రెండో పేజీలో ఫీజుల పట్టిక చూడండి. మొబైల్ నోటరీకో, ఇంటికొచ్చి సంతకాలు తీసుకున్నందుకో వంద, రెండు వందల డాలర్లు వేసి ఉంటే ఇంకా మంచిది. ‘ఎన్నింటికి రమ్మంటారు, గేట్ కోడ్ ఎంత’ అని నోటరీ పంపిన మెసేజ్, డోర్‌బెల్ కెమెరా రికార్డింగ్, ఆ రాత్రి ఫోన్‌లో తీసిన ఫొటో, అన్నీ ఒకచోట పెట్టండి. కెమెరా కంపెనీలు పాత వీడియోలు చెరిపేస్తాయి కాబట్టి ఈపాటికే పోయి ఉండొచ్చు, అయినా చూడండి. టెక్సస్‌లో నోటరీలు తాము చేసిన ప్రతి పనికీ రికార్డు పుస్తకం రాయాలి. ఫీజు కట్టి అడిగిన వాళ్ళకు అందులోంచి ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి.

రెండో షరతు ఫీజులది. 2018 జనవరి నుంచి హోమ్ ఈక్విటీ లోన్‌లో లెండర్ వేసే ఫీజులు 2 శాతం మించకూడదు. అంతకు ముందు 3 ఉండేది. బయటి అప్రైజల్, సర్వే, టైటిల్ ఇన్సూరెన్స్ లాంటివి ఈ లెక్కలోకి రావు. మీరు జతచేసిన కాగితాల్లో ‘ఎ’ విభాగంలో పాయింట్ల కింద 3 శాతం, అంటే 11,700 డాలర్లు, దాని కింద ప్రాసెసింగ్ 1,495 ఉన్నాయి. మొత్తం 13,195. మీ లోన్‌కు పరిమితి 7,800. లెండర్ జవాబు ఎలా ఉంటుందో ఊహించొచ్చు: ‘ఆ 3 శాతం ఫీజు కాదు, వడ్డీ తగ్గించడానికి ఇచ్చిన డిస్కౌంట్ పాయింట్లు’. నిజమైన డిస్కౌంట్ పాయింట్లయితే అవి వడ్డీ కిందికి వెళ్తాయి, పరిమితిలోకి రావు. కానీ 6.75 అని చెప్పి 8.75 ఇచ్చినవాళ్ళు, రేటు తగ్గించడానికి 11,700 తీసుకున్నామంటే ఏ రేటు నుంచి ఏ రేటుకు తగ్గించారో చూపించాలి. బ్రోకర్ మొదట పంపిన లోన్ ఎస్టిమేట్ ఈమెయిల్లో ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

ఇవి కాక తేదీలు. లోన్‌కు దరఖాస్తు చేసి, హక్కుల నోటీసు కూడా అందుకుని, వాటిలో ఏది తర్వాత జరిగితే దాని నుంచి పన్నెండు రోజులు గడిచాకే క్లోజింగ్ జరగాలి. చివరి ఖర్చుల పట్టిక కనీసం ఒక పనిదినం ముందే చేతికి రావాలి. ఫెడరల్ నిబంధన ప్రకారం క్లోజింగ్ డిస్‌క్లోజర్ మూడు పనిదినాల ముందు రావాలి. స్థిర వడ్డీ లోన్‌లో ఏపీఆర్ 0.125 శాతం కంటే ఎక్కువ మారితే కొత్త డిస్‌క్లోజర్ ఇచ్చి మళ్ళీ మూడు రోజులు ఆగాలి. రెండు శాతం తేడా మీకు ఆ రాత్రే తెలిసిందంటే ఈ ఆగడం జరగలేదనే అనుమానం. అయితే ముందు రోజుల్లో ఏదో పోర్టల్లో ‘క్లిక్ టు సైన్’ అని వచ్చి నొక్కేశారేమో ఈమెయిల్ వెతకండి. చాలామంది అక్కడే దొరికిపోతారు.

ఇవన్నీ రుజువైతే ఏమొస్తుంది? ఇక్కడ కొంచెం చల్లగా ఆలోచించాలి. యూట్యూబ్‌లో ‘టెక్సస్‌లో లోన్ మొత్తం మాఫీ’ అనే వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. అందులో సగమే నిజం. లెండర్‌కు తప్పు గురించి నోటీసు ఇచ్చాక 60 రోజుల్లో సరిదిద్దకపోతే అసలు, వడ్డీ రెండూ పోగొట్టుకుంటాడని రాజ్యాంగంలో నిజంగానే ఉంది. కానీ ఆ 60 రోజుల్లో సరిదిద్దుకునే దారులు కూడా అందులోనే రాశారు. ఎక్కువ తీసుకున్న ఫీజు తిరిగిస్తే ఆ తప్పు తీరిపోతుంది. మీ లెక్కలో అది 5,395 డాలర్లు. క్లోజింగ్ ఇంట్లో జరగడం లాంటి, మరో రకంగా సరిదిద్దలేని తప్పుకైతే వెయ్యి డాలర్లు ఇచ్చి, ఖర్చు లేకుండా, అవే షరతులతో, ఈసారి చట్టం ప్రకారం మళ్ళీ లోన్ రాసిస్తామని ప్రతిపాదిస్తే చాలు. అవే షరతులంటే 8.75 కూడా అదే. అందుకే ఆ నోటీసును ఆవేశంలో మీరే రాసి పంపకండి. ఒకసారి అందిందంటే గడియారం మొదలవుతుంది, లెండర్ చవగ్గా బయటపడొచ్చు. ఏ తప్పులు ఏ క్రమంలో చూపించాలి, ఎవరికి పంపాలి, కింద చెప్పబోయే ఫెడరల్ రద్దు హక్కుతో ఎప్పుడు కలపాలి, ఇది లాయర్ ఆలోచించి వేయాల్సిన ఎత్తు.

ఒక సంగతి మాత్రం మీ వైపు గట్టిగా ఉంది. 2016లో ‘వుడ్ వర్సెస్ హెచ్ఎస్‌బీసీ’ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు, రాజ్యాంగ షరతులు తప్పిన హోమ్ ఈక్విటీ లోన్‌కు ఇంటి మీద తాకట్టు హక్కు సరిదిద్దేదాకా చెల్లదనీ, దాన్ని ప్రశ్నించడానికి కాలపరిమితి లేదనీ చెప్పింది. ఏడాది దాటిపోయిందని మీరు దిగులుపడ్డారు, ఈ విషయంలో ఆ దిగులు అక్కర్లేదు.

ఫెడరల్ చట్టంలో కాలం ముఖ్యం. ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం కింద, ఉంటున్న ఇంటి మీద కొత్త లెండర్ దగ్గర రీఫైనాన్స్ చేస్తే మూడు పనిదినాల్లో ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. (ఉన్న లెండరే మళ్ళీ రాస్తే కొత్తగా ఇచ్చిన డబ్బు మేరకే ఈ హక్కు. ఇల్లు కొన్నప్పటి మొదటి లోన్‌కు, అద్దెకిచ్చిన ఇంటికి ఇది లేదు.) శనివారం పనిదినమే, ఆదివారం, ఫెడరల్ సెలవులు కావు. మీలా గురువారం రాత్రి సంతకం పెడితే శుక్ర, శని, సోమ. సోమవారం అర్ధరాత్రి దాకా గడువు. ఈ ఉత్తరం చదువుతున్న వాళ్ళలో ఎవరైనా నిన్న మొన్న సంతకం పెట్టి నిద్రపట్టక ఉంటే, ఫైల్‌లోని రద్దు ఫారం నింపి, ఫొటో తీసుకుని, ఈరోజే పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్ చేయండి. బ్రోకర్‌తో ఫోన్‌లో చెబితే సరిపోదు.

మీకు మూడు రోజులు ఎప్పుడో పోయాయి. కానీ రద్దు హక్కు నోటీసు సరిగా ఇవ్వకపోయినా, ఏపీఆర్, ఫైనాన్స్ చార్జీ లాంటి ముఖ్యమైన వివరాలు చట్టం ఒప్పుకున్న హద్దు దాటి తప్పుగా ఉన్నా ఆ హక్కు మూడేళ్ళ వరకు బతికే ఉంటుంది. మీ లెక్కలో 2028 ఫిబ్రవరి దాకా. నోటీసు ఇంటి హక్కుదారు ప్రతి ఒక్కరికీ రెండేసి కాపీలు ఇవ్వాలి. మీ ఇద్దరికీ కలిపి నాలుగు. మీ కవర్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇంకొకటి వెతకండి: ‘మూడు రోజులు గడిచాయి, మేం రద్దు చేసుకోలేదు’ అనే ధ్రువీకరణ పత్రం మీద కూడా ఆ రాత్రే సంతకం తీసుకున్నారా? ముందు తేదీ వేసి తీసుకునే అలవాటు కొందరికి ఉంది. అది హక్కు నోటీసును చెడగొట్టినట్టే అని కొన్ని కోర్టులు అన్నాయి, కాదని కొన్ని అన్నాయి. నోటీసు అందిందని మీరు సంతకం చేసి ఉంటే అందినట్టే మొదట భావిస్తారు, అందలేదని చూపించాల్సింది మీరే.

2015లో జెసినోస్కీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: మూడేళ్ళలోపు రాతపూర్వకంగా రద్దు లేఖ పంపితే చాలు, ఆలోపే దావా వేయాల్సిన పని లేదు. లోన్‌ను వేరే సంస్థకు అమ్మేసినా ఈ హక్కు వాళ్ళ మీద కూడా పనిచేస్తుంది. రద్దయితే మీరు కట్టిన వడ్డీ, ఫీజులు అసలులోంచి తీసేస్తారు, కానీ మిగిలిన అసలు మీరు తిరిగివ్వాలి. అంటే మూడున్నర లక్షల డాలర్లు ఎక్కడి నుంచో తేవాలి, కొత్త లోనో, ఇల్లు అమ్మడమో. పాత 2.875 లోన్ తిరిగిరాదు. ఇది మీకు చెప్పక తప్పదు. చాలా కేసులు కోర్టు తీర్పు దాకా పోకుండా, ఈ రద్దు హక్కును ముందు పెట్టి రేటు తగ్గించుకోవడంతోనో, అసలు కొంత కోయించుకోవడంతోనో ముగుస్తాయి. మీరు కూడా దానికే గురిపెట్టండి.

మీవారి ఆదాయం దగ్గర చట్టం రెండు వైపులా కోసే కత్తి. డాడ్-ఫ్రాంక్ చట్టం కింద 2014 నుంచి లెండర్, అప్పు తీర్చే స్తోమత ఉందో లేదో పత్రాలతో సరిచూసే ఇవ్వాలి. ఉద్యోగం పోయిన మనిషికి నెలకు 9,000 అని రాసుకుని ఏ పత్రమూ అడగకపోతే అది వాళ్ళ తప్పు. ఫీజులు 3 శాతం దాటాయి కాబట్టి ‘క్వాలిఫైడ్ మార్ట్‌గేజ్’ అనే రక్షణ కవచం కూడా వాళ్ళకు దొరక్కపోవచ్చు. ఈ తప్పు మీద నష్టపరిహారం అడగడానికి మూడేళ్ళ గడువు ఉంది. వాళ్ళే ఫోర్‌క్లోజర్‌కు (బాకీ కింద ఇల్లు వేలం వేయడానికి) వస్తే గడువు దాటాక కూడా దీన్ని ఎదురు వాదనగా పెట్టి బాకీలోంచి తగ్గించమనొచ్చు. అయితే ఆ అప్లికేషన్ మీద సంతకం మీది. లోన్ అప్లికేషన్‌లో తెలిసి అబద్ధం చెప్పడం ఫెడరల్ నేరం. మీరు తెలిసి చేయలేదు, చదవలేదు అంటున్నారు. ఆ తేడా చాలా పెద్దది, కానీ దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలన్నది లాయరే నిర్ణయించాలి. ఫిర్యాదు ఫారాల్లో గానీ, బ్రోకర్‌తో వాట్సాప్‌లో గానీ ఆ అంకె గురించి లాయర్‌ను కలిసేదాకా ఒక్క అక్షరం రాయకండి.

గ్రీన్‌కార్డ్ భయానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. లెండర్ మీద సివిల్ దావా వేయడం, ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేయడం మీ వీసాకు అడ్డు కావు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకూ ఈ చట్టాలన్నీ సమానంగా వర్తిస్తాయి. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాల్సింది కేసు గురించి కాదు, ఆ 9,000 గురించి. కన్స్యూమర్ లాయర్‌ను, ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి ఒకరితో ఒకరు మాట్లాడించండి.

వాయిదాలు ఆపేయమన్న స్నేహితుడి మాట వినకండి. ఆపితే క్రెడిట్ దెబ్బతింటుంది, లేట్ ఫీజులు పడతాయి, బేరానికి కూర్చునేటప్పుడు మీరే బలహీనంగా ఉంటారు. నిజంగా కట్టలేని పరిస్థితి వస్తే ఆ నెలే సర్వీసర్‌కు (నెలనెలా వాయిదా తీసుకునే కంపెనీకి) లాస్ మిటిగేషన్ (వాయిదాల్లో సడలింపు కోరే) దరఖాస్తు పెట్టండి. ఫెడరల్ నిబంధన ప్రకారం సాధారణంగా 120 రోజుల బకాయి దాటేదాకా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. వేలానికి 37 రోజుల కంటే ముందే పూర్తి దరఖాస్తు అందితే అది తేలేదాకా వేలం వేయకూడదు. టెక్సస్‌లో మామూలు లోన్‌కు కోర్టు గడప తొక్కకుండానే నెల మొదటి మంగళవారం వేలం వేస్తారు. హోమ్ ఈక్విటీ లోన్‌కు మాత్రం కోర్టు ఆర్డర్ తప్పనిసరి. ఆ ఆర్డర్ కోసం పెట్టుకున్న దరఖాస్తు మీకు వస్తే పక్కన పడేయకండి. వేలానికి ముందు సోమవారం సాయంత్రం 5 గంటలలోపు విడిగా దావా వేస్తే ఆ వేలం ఆగిపోతుంది. లోన్ తీసుకున్నవాళ్ళే మోసంతో దాన్ని తీసుకుంటే తప్ప, ఇల్లు అమ్మాక మిగిలిన బాకీ కోసం మీ జీతం మీదికి, ఇతర ఆస్తుల మీదికి రాలేరు. చాప్టర్ 13 దివాలా అనేది ఇంకా దూరంలో ఉన్న మాట, ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి.

లాయర్ కోసం ఎక్కడ వెతకాలి? ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన లాయర్‌కు ఇది పట్టకపోవచ్చు. కన్స్యూమర్ కేసులు, ముఖ్యంగా హోమ్ ఈక్విటీ కేసులు చేసేవాళ్ళు కావాలి. స్టేట్ బార్ రిఫరల్ సర్వీసును అడగండి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కన్స్యూమర్ అడ్వకేట్స్ జాబితా చూడండి. మీ జీతం వల్ల లీగల్ ఎయిడ్ ఆఫ్ నార్త్‌వెస్ట్ టెక్సస్ ఉచిత సాయానికి అర్హత రాకపోవచ్చు, అయినా ఒక ఫోన్ చేస్తే పోయేదేం లేదు. ట్రూత్ ఇన్ లెండింగ్ కేసు గెలిస్తే లాయర్ ఫీజు ఎదుటివాళ్ళే కట్టాలి, కాబట్టి ఫీజు ఏర్పాటు గురించి మొహమాటం లేకుండా అడగండి. ఒప్పందంలో ‘ఆర్బిట్రేషన్‌కే వెళ్ళాలి’ అని ఉందేమోనన్న భయం కూడా వద్దు. ఉంటున్న ఇంటి లోన్లలో అలాంటి షరతును డాడ్-ఫ్రాంక్ చట్టమే నిషేధించింది. బడ్జెట్ సర్దుకోవడానికి, దరఖాస్తులు నింపడానికి హెచ్‌యూడీ (ఫెడరల్ గృహవసతి శాఖ) ఆమోదించిన హౌసింగ్ కౌన్సిలర్లు ఉన్నారు.

లాయర్ దొరికేలోపు మీరే చేయగల పని ఒకటుంది. లోన్ అసలు యజమాని ఎవరో సర్వీసర్‌ను రాతలో అడగండి. నెలనెలా డబ్బు తీసుకునే కంపెనీ యజమాని కాకపోవచ్చు. స్టేట్‌మెంట్‌లో ఇలాంటి ఉత్తరాలకు వేరే చిరునామా ఇస్తారు, వాయిదా పంపే చిరునామాకు పంపితే లెక్కలోకి రాదు. యజమాని ఎవరన్న ప్రశ్నకు పది పనిదినాల్లో జవాబివ్వాలి. ఈ లెక్కలో శనివారం పనిదినం కాదు (ఒకే దేశం, రెండు లెక్కలు, ఏం చేస్తాం). అదే ఉత్తరంలో మీ మొత్తం క్లోజింగ్ ఫైల్ కాపీ కూడా అడగండి.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. మీ పేరు ఫోర్‌క్లోజర్ రికార్డుల్లోకి ఎక్కగానే ‘లోన్ ఆడిట్ చేసి తప్పులు పట్టుకుంటాం, ముందు 3,000 కట్టండి’ అనే వాళ్ళు ఫోన్లు చేస్తారు. ఇంటి లోన్ సవరణ చేయిస్తామనే కంపెనీలు, లెండర్ నుంచి రాతలో ప్రతిపాదన తెచ్చి, దాన్ని మీరు ఒప్పుకునేదాకా డబ్బు తీసుకోకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. ‘తాత్కాలికంగా ఇల్లు మా పేరున రాయండి’ అనే వాళ్ళకు తలుపు కూడా తీయకండి.

ఇతర రాష్ట్రాల పాఠకులకు: డైనింగ్ టేబుల్ వాదన, 2 శాతం పరిమితి మీకు ఉండవు. రద్దు హక్కు, తీర్చే స్తోమత, డిస్‌క్లోజర్ తేదీలు, 120 రోజుల నిబంధన ఇవి దేశమంతా ఒకటే. వాటికి తోడు మీ రాష్ట్ర చట్టాలేమున్నాయో అక్కడి లాయర్‌ను అడగండి.

చివరగా మీ బ్రోకర్. ‘మనవాళ్ళే కదా, ఫిర్యాదు చేస్తే రేపు ఫంక్షన్లలో ముఖం ఎలా చూపిస్తాం’ అని రాశారు. ముఖం చూపించలేకపోవాల్సింది మీరు కాదు. ఆయన లైసెన్స్ నంబర్ కాగితాల మీద ఉంటుంది. ఎన్ఎంఎల్ఎస్ (ఇంటి లోన్ బ్రోకర్ల లైసెన్సుల జాబితా) వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే లైసెన్స్ ఉందా, పాత చర్యలేమైనా ఉన్నాయా తెలుస్తుంది. ఫిర్యాదు తీసుకునేది టెక్సస్ సేవింగ్స్ అండ్ మార్ట్‌గేజ్ లెండింగ్ డిపార్ట్‌మెంట్. ఫెడరల్ స్థాయిలో సీఎఫ్‌పీబీ (ఆర్థిక వ్యవహారాల్లో వినియోగదారులను కాపాడే సంస్థ) ఉంది, కానీ 2025 నుంచి అక్కడ కోతలు, కోర్టు గొడవలు నడుస్తున్నాయి కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఫిర్యాదు కూడా లాయర్ చూశాకే వెళ్ళాలి, కారణం పైన చెప్పాను.

ఆయన మళ్ళీ ఎందుకు ఫోన్ చేస్తున్నారో ఊహించడం కష్టం కాదు. టెక్సస్‌లో ఒక హోమ్ ఈక్విటీ లోన్ అయ్యాక ఏడాది దాకా అదే ఇంటి మీద ఇంకొకటి చేయకూడదు. ‘ఆర్నెల్లలో తగ్గిస్తా’ అన్న మాట చెప్పిన రోజే కుదరని మాట. ఇప్పుడు ఏడాది నిండింది, కొత్త లోన్ అంటే మళ్ళీ ఫీజులు. అంతకంటే ముఖ్యంగా, కొత్త లోన్‌తో పాతది తీరిపోతే ఇప్పుడు మీ చేతిలో ఉన్న వాదనలు బలహీనపడతాయి. ఏ కాగితం మీదా, ‘చిన్న కరెక్షన్’ అన్నా సరే, సంతకం పెట్టకండి. ఫోన్ వస్తే ‘ఏం చెప్పాలన్నా మెసేజ్‌లో పెట్టండి’ అనండి. టెక్సస్‌లో మీరు మాట్లాడుతున్న కాల్‌ను మీరు రికార్డ్ చేసుకోవచ్చు, అవతలివాళ్ళ అనుమతి అక్కర్లేదు. ఆయన కాలిఫోర్నియా లాంటి రాష్ట్రం నుంచి మాట్లాడుతుంటే మాత్రం అక్కడి చట్టం వేరు, రికార్డ్ చేయకుండా మెసేజ్‌లతోనే సరిపెట్టుకోండి.